ఇంద్రజాలికుడు రాబర్ట్ హూడిన్

ఫ్రాన్సు దేశమునందలి బ్లువా పట్టణమున గడియారములు చేయువాని కుమారుడుగా రాబర్ట్ హూడిన్ 1805లో జన్మించెను. తాను గడియారముల గ్రంథము నడుగగా, పుస్తక విక్రేత పొరపాటున వినోదవిద్యల గ్రంథము నిచ్చెననియు, అదియే తన్ను ఇంద్రజాలమునకు మరల్చెననియు ఆయన స్వీయచరిత్రమున వ్రాసికొనెను.

ఏండ్ల తరబడి హస్తలాఘవమును సాధన చేసి, 1845లో పారిస్ నగరమున రంగశాలను తెరచెను. మాంత్రిక వేషము నుపేక్షించి, నాటి పెద్దమనుషుల దుస్తులతోనే ప్రేక్షకుల నలరించెను. ఆయన పెట్టెను బాలుడైనను ఎత్తగలడు. వేదిక క్రింది విద్యుదయస్కాంతము పనిచేసినచో మల్లుడును కదల్పలేడు. 1856లో ఫ్రెంచి ప్రభుత్వము ఈ విద్యనే అల్జీరియా ప్రజలను భయపెట్టుటకు వినియోగించెను.

కావున ఇంద్రజాలము నభ్యసింపగోరువారు ఆయన చదువును, సాధనను అనుసరింపవలెను. వినోదము గూర్పవలసిన విద్యతో సాటి మనుష్యులను బెదరించుటను మాత్రము విడువవలెను.