అడుగులకు అరిసెలు, ఆలస్యానికి గడువు

నాటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో నేను చూసిన తెలుగు ఇళ్లలో బిడ్డ ఎదుగుదలకు ఒక క్యాలెండరు ఉండేది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. మెడ, నడుము బలపడిన తరువాతనే కాళ్లు నిలుస్తాయన్న వికాసక్రమాన్ని మన అమ్మమ్మలు ఈ వేడుకలలో భద్రపరిచారు.

అయితే, అడుగు పడిన ఇంట అరిసెలు పంచారు సరే, పడని ఇంట ఎన్నాళ్లు ఎదురుచూడాలి? ఆ గడువు వేడుకలో లేదు.

దానిని వెదకిన చరిత్ర ఇటీవలిదే. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ 1920లలో శిశువుల చేష్టలను వయసులవారీగా నమోదు చేశారు. 1967లో వచ్చిన డెన్వర్ పరీక్ష, ఏ వయసుకు ఎంత శాతం పిల్లలు ఏ పని చేయగలరో పటంగా చూపింది. 1991లో తిరువనంతపురం వైద్యులు రెండేళ్లలోపు పిల్లలకు 17 అంశాల పటం ప్రకటించారు. బిడ్డ వయసు దగ్గర నిలువు గీత గీస్తే, దానికి ఎడమవైపున ముగిసిన పనులన్నీ బిడ్డకు వచ్చి ఉండాలి. నర్సు సైతం కొద్ది నిమిషాలలో పరీక్షించవచ్చు. భారతదేశంతో కలిపి అయిదు దేశాల పిల్లలను పరిశీలించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, స్వయంగా నడవడానికి 8.2 నుండి 17.6 నెలల వరకు వ్యవధి ఉండవచ్చునని 2006లో ప్రకటించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఎదుగుదల జాప్యాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది.

ఇవేవీ నా బల్లపై లేని రోజులలో, నందిగామ వైపు పల్లె నుండి ఒక తల్లి రెండేళ్ల కుమారుడిని తెచ్చి, “మాటలు రాలేదండీ డాక్టరుగారూ” అన్నది. “మగపిల్లలకు కాస్త ఆలస్యమేనమ్మా, వస్తాయిలే” అని పంపివేశాను. బిడ్డకు వినికిడి లేదని నాలుగో ఏట తెలిసింది. రెండేళ్ల విలువైన కాలం నా మాట వల్ల పోయింది. తప్పు నాదే.

కనుక గుర్తుంచుకోండి. అయిదో నెలకు మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలు నిండినా కూర్చోకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, పద్దెనిమిది నెలలకు నడవకపోయినా వైద్యునికి చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసును ప్రసవ తేదీగా ఇచ్చిన రోజు నుండి లెక్కించాలి. వచ్చిన మాట, వచ్చిన నడక పోతే ఒక్క రోజు కూడా ఆగవద్దు. మీ ఇంటిలోని తల్లీబిడ్డల రక్షణ కార్డు తెరచి చూడండి, ఈ ఎదుగుదల మైలురాళ్లు అందులో ఉంటాయి.

అరిసెలు తప్పక వండండి. గడువు దాటితే మాత్రం, “వస్తుందిలే” అన్నవారు వైద్యుడైనా సరే, మరొకరికి చూపించండి.