చిత్రప్రదర్శనములు, వాని వెనుకటి యేర్పాట్లు

దేశదేశముల చిత్రములను ఒక్కచోట చేర్చి చూపు ప్రదర్శనములను గూర్చి చదువునపుడు మనకు చిత్రకారుల పేర్లే కానవచ్చును. ఎవరు పిలిచిరి, ఎవరు ఏరిరి, వ్యయమెవరు భరించిరి యను సంగతులు మరుగుపడును. మాకు ముఖ్యముగ దోచునవి యివియే.

గుర్రంకొండ ప్రాంతమువారికి ఇది పరాయి కథ కాదు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసిన ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్, వంగదేశపు నవ్యచిత్రకళను దక్షిణాదికి పరిచయము చేసినవారిలో ముఖ్యుడు. 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చినది ఆయన యతిథిగనే. 1935లో తిరువనంతపురమున శ్రీ చిత్రాలయము వెలయుటలోను ఆయన చేయి కలదు.

1922 డిసెంబరులో కలకత్తా ప్రాచ్యకళాసంఘమువారు జరిపిన ప్రదర్శనము మిక్కిలి చిత్రమైనది. స్టెల్లా క్రామ్‌రిష్ అను విదుషి ఉత్తరము వ్రాయగా, జర్మనీలోని బౌహౌస్ పాఠశాలనుండి క్లే, కాండిన్‌స్కీ, ఫైనింగర్ ప్రభృతుల చిత్రములు వచ్చి వంగచిత్రకారుల పటముల సరసన నిలిచినవి. కాగితముపై వ్రాసినవే యధికమగుటచే రవాణా సులభమయ్యెను. రాయబారులు లేరు. ఒక సంఘము, ఒక పాఠశాల, నడుమ ఒక యుత్తరము!

వెనిస్ నగరసభ 1895లో ఆరంభించిన ప్రదర్శనపు తీరు వేరు. 1907లో బెల్జియము మొదలుకొని దేశములు అచ్చట తమ మంటపములు కట్టుకొన్నవి. ఏ దేశపు చిత్రముల నాదేశమే యేరి పంపును. భారతదేశమునకు అట్టి అధికారిక మంటపము 2011లోగాని లభింపలేదు.

1968లో లలితకళా అకాడమీ, ముల్క్ రాజ్ ఆనంద్ సారథ్యమున, ఢిల్లీలో త్రైవార్షిక ప్రదర్శనము నెలకొల్పి దేశముల నాహ్వానించెను. అతిథుల యెంపిక అతిథులదే. మనవారి యెంపిక మాత్రము అకాడమీ చేతిది. చిక్కంతయు అచ్చటనే. 1971నాటి రెండవ ప్రదర్శనమును పలువురు చిత్రకారులు బహిష్కరించిరి. ఆ యలుకను మేము తప్పుపట్టము. ఏరువారిని ప్రశ్నించు హక్కు ఏరబడువారికి ఉండవలదా?

2012 డిసెంబరు 12న కొచ్చిలో ఆరంభమైన ద్వైవార్షికమును బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అను చిత్రకారులే తలపెట్టిరి. కేరళ ప్రభుత్వము ధనమిచ్చెను. ఆ ధనవిషయమై మొదటనే వివాదము రేగెను. అయినను పని యాగలేదు. ఆస్పిన్‌వాల్ భవనము, పాత సరకుల గిడ్డంగులు ప్రదర్శనశాలలైనవి. క్రొత్త మేడ కట్టవలసిన యగత్యము లేకపోయెను.

గుర్రంకొండ దుర్గము దిగువ రంగినీమహలు కలదు. పురాతన కట్టడము గనుక గోడలకు మేకులు కొట్టరాదు. కఱ్ఱచట్రములు నిలిపి కాగితపు చిత్రములు చూపవచ్చును. మదనపల్లె రోడ్డువరకు రైలున్నది. పెట్టెలు బండ్లపై తేవచ్చును.