భుజపు గాయము – ఆలస్యంగా తెలిసే ముప్పు

2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంత్రం హైదరాబాదు తూర్పుభాగమందలి దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళపై అమర్చిన రెండు బాంబులు కొద్ది నిమిషాల తేడాతో పేలినవి. పలువురు మరణించారు. నూరుమందికి పైగా గాయపడ్డారు. ఎల్.బి.నగర్ మొదలుకొని ఉస్మానియా వరకు పలు ఆసుపత్రులకు వారిని తరలించారు.

పేలుడులో ఎగిరివచ్చే ఇనుపముక్క చేసిన గాయం పైకి బియ్యపుగింజంత కనిపించవచ్చు. అది చంకలో తగిలినదైతే, కుట్టు వేసి ఇంటికి పంపినంత మాత్రాన పని తీరదు. బండిమీదనుండి పడి భుజపు కీలు తప్పినవారి విషయమూ ఇంతే.

చేతికి రక్తం తెచ్చే పెద్ద ధమని ఒక్కటే అయినా, రెక్కయెముక చుట్టూ చిన్న నాళాలు వలవలె అల్లుకొని ఉన్నవి. దిల్‌సుఖ్‌నగర్ వద్ద విజయవాడ రోడ్డు స్తంభిస్తే బండ్లు సరూర్‌నగర్ సందులు పట్టినట్లు, పెద్ద ధమని చిట్లినా రక్తం ఈ పక్కదారులగుండా మణికట్టును చేరగలదు. చేయి వెచ్చగా ఉంటుంది, నాడీ అందుతుంది. లోపల మాత్రం ధమని కంతనుండి కారిన రక్తం కండలమధ్య సంచి కట్టి, వారాలకో నెలలకో కొట్టుకునే బొడిపెగా బయటపడవచ్చు. దీనికి మిథ్యా ధమనీ విస్ఫారమని పేరు. దాని గోడ అసలైన ధమనిగోడ కాదు గనుక మిథ్య అన్నారు. అది చేసే కీడు నిజమైనదే. నరాలను నొక్కి వేళ్ళకు తిమ్మిరి, బలహీనత కలిగిస్తుంది. రక్తపు గడ్డలను దిగువకు తోస్తుంది. ఒక్కొక్కప్పుడు పగులుతుంది.

1888లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో రుడాల్ఫ్ మాటాస్ అనే శస్త్రవైద్యుడివద్దకు ఇట్టి రోగి వచ్చాడు. వేటతుపాకి గుళ్ళు తగిలిన దండచేతిలో బొడిపె లేచింది. జాన్ హంటర్ 1785లో చూపిన పద్ధతిని అనుసరించి మాటాస్ ధమనిని పైభాగాన కట్టివేశాడు. కొట్టుకోవడం ఆగినట్లే ఆగి మళ్ళీ మొదలైంది. దిగువన కట్టినా లాభం లేకపోయింది. చేతిని కాపాడే పక్కదారులే సంచినీ నింపుతున్నవి! చివరకు సంచిని కోసి, దానిలోకి తెరచుకొనే కంతలను లోపలినుండే కుట్టివేశాడు. రోగి కోలుకున్నాడు.

అయినా కట్టివేసే అలవాటు వెంటనే పోలేదు. ధమనిని ధమనికి కుట్టే విధానాన్ని అలెక్సిస్ కారెల్ 1902లోనే ప్రకటించాడు. రెండవ ప్రపంచయుద్ధంలో మాత్రం ఎక్కువగా కట్టివేతే జరిగింది. 2,471 ధమని గాయాలను డెబేకీ, సిమియోన్ పరిశీలించి 1946లో వెల్లడించిన లెక్కలో, కట్టివేత జరిగినచోట దాదాపు సగం అవయవాలను తీసివేయవలసి వచ్చింది. కొరియా యుద్ధంలో ధమనులను బాగుచేయగా అది సుమారు 13 శాతానికి దిగింది.

నేడు రెండు చేతుల రక్తపుపోటును పోల్చి, అనుమానమున్నచో రంగుమందు ఎక్కించి సి.టి. తీస్తారు. మణికట్టు నాడి అందినా ఈ పరీక్షను మానరు.