బేగంబజారు గీతలు

రెండో నిజాం భార్య హుమ్దా బేగం వర్తకులకిచ్చిన నేల మీద పుట్టింది బేగంబజారు. మూసీకి ఉత్తరాన, కోటగోడ బయట పెరిగిన బజారది.

1869లో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండగా పురపాలన మొదలైంది. పరిపాలన సౌకర్యం కోసం హైదరాబాద్ నగరాన్ని నాలుగు భాగాలుగా, శివారు చాదర్‌ఘాట్‌ను ఐదుగా విడగొట్టారు. జనం ఓట్లతో దానికి పని లేదు. 1933లో నగరం, చాదర్‌ఘాట్ కలిసి కార్పొరేషన్ అయ్యాయి. 1942లో ఆ హోదా పోయింది, 1950లో తిరిగొచ్చింది. 1960లో సికింద్రాబాద్ కూడా కలిసింది.

2007లో పన్నెండు మున్సిపాలిటీలను, ఎనిమిది పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. తర్వాత వచ్చిన 150 వార్డుల్లో బేగంబజార్ ఒకటి. వార్డులను జనాభా దాదాపు సమానంగా ఉండేలా విభజిస్తారు. లెక్కలోకొచ్చేది అక్కడ నివసించేవాళ్లే. పొద్దున షట్టరెత్తి రాత్రి మరో పేటకు వెళ్లిపోయే వ్యాపారి, మూటలు మోసే హమాలీ ఓటు వేసేది తమ ఇళ్లున్న చోటే. ఇక ఈ ఇరుకు సందుల్లో లారీ ఎప్పుడు దిగాలో, చెత్త ఎవరు తీయాలో కార్పొరేటర్‌ను గట్టిగా నిలదీసేదెవరు? టోకు బజారుకు ఇది పెద్ద లోటే.

అసెంబ్లీ గీతలూ మారాయి: 2009 ఎన్నికల నాటికి మహరాజ్‌గంజ్ స్థానం పోయి గోషామహల్ వచ్చింది. 2025 డిసెంబరులో మరో 27 పురపాలక సంస్థలు కలిశాక జీహెచ్‌ఎంసీ వార్డులు 300 అయ్యాయి.