అత్తగారు పక్కన లేని వంటింటికి ఒక పుస్తకం

నేర్పే మనిషి పక్కన లేనప్పుడే వంట పుస్తకం అవసరం పడుతుంది. తరతరాలుగా తెలుగిళ్లకు అది అక్కర్లేకపోయింది. కాపురానికొచ్చిన కోడలు అత్తగారి చేతి కింద నేర్చుకునేది. ఉప్పెంత అని అడిగితే "చూసి వేసుకో" అన్నదే సమాధానం, అదే సరిపోయేది. ఉద్యోగాల కోసం జంటలు ఊరు దాటి వేరు కాపురాలు పెట్టాక ఆ "చూసి వేసుకో"ను కాగితం మీదికి ఎక్కించక తప్పలేదు.

పొరుగువారి కథా ఇదే. బొంబాయిలో సారస్వత మహిళా సమాజం 1943లో తమవారి వంటలన్నీ కూర్చి మరాఠీలో 'రసచంద్రిక' అచ్చువేసింది. మద్రాసులో ఎస్. మీనాక్షి అమ్మాళ్‌ను బంధువులు వంటల గురించి పదేపదే అడుగుతుంటే, ఇంటి పెద్ద ఒకరు పుస్తకం రాయమన్నారు. అలా 1951లో తమిళంలో 'సమైత్తు పార్' వచ్చింది.

మనకు ఆ పని చేసిపెట్టినవారిలో మాలతీ చందూర్ ముందుంటారు. నూజివీడులో పుట్టి, పెళ్లయ్యాక మద్రాసులో స్థిరపడిన ఆమె, 1952 నుంచి దశాబ్దాల పాటు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక నడిపారు. ఎక్కడెక్కడి పాఠకులో అడిగే ప్రశ్నలకు ఇంటి మనిషిలా జవాబులిచ్చారు. 'హృదయనేత్రి' నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆ చేయే 'వంటలు-పిండివంటలు' కూడా రాసింది. అది మళ్లీ మళ్లీ అచ్చయింది. నవలలు రాసే మనిషి వంటను కూడా రాయదగ్గ విషయంగా చూడడం మన వంటింటికి దక్కిన గౌరవం.

ఈ వేరు కాపురాల కథ హైదరాబాదులోనూ మళ్లీ నడిచింది. 1998 నవంబరు 22న అక్కడి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ తర్వాత హైటెక్ సిటీ చుట్టూ కొండాపూర్, గచ్చిబౌలి దాకా లేచిన అపార్టుమెంట్లలో మళ్లీ అవే వేరు కాపురాలు. గోదావరి జిల్లాల నుంచి, పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. ఇప్పుడు ఫోనులో వెతికితే వెయ్యి వంటలు దొరుకుతాయి. అయినా అమ్మమ్మ కాలంనాటి పుస్తకం తెరవడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో ఇంట్లో ఏం తిన్నారో, ఏ పండుగకు ఏం వండారో అందులో ఒక్కచోట కనిపిస్తుంది.

అయితే ఆ తరం రాతల్లో వీశెలు, పలాలు, సోలలు, గిద్దలు ఎదురవుతాయి. 1956 చట్టంతో, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా మెట్రిక్ తూనికలు వచ్చాయి. వీశెకు నలభై పలాలు, అంటే దాదాపు 1.4 కిలోలు. పలం సుమారు 35 గ్రాములు. ఇక్కడిదాకా లెక్క తేలికే. సోలకు నాలుగు గిద్దలన్నది కొలత, తూకం కాదు. బియ్యం సోలతో కొలిచి బెల్లం పలాల్లో తూచమంటే, మీ సోలెడు బియ్యం ఎంత తూగుతాయో ఒకసారి చూసుకోవాలి.

తర్వాత రోలు సంగతి. అపార్టుమెంటులో రోటి పని చేసేది మిక్సీయే. సీమెన్స్‌లో ఇంజనీరుగా ఉన్న సత్యప్రకాశ్ మాథుర్, ఇంట్లోని విదేశీ మిక్సీ మన రుబ్బుడుకు తట్టుకోలేక కాలిపోతే, భార్య మాధురి కోసం దేశీ యంత్రం తయారుచేయడానికి పూనుకున్నారు. అదే 1963లో 'సుమీత్'గా వచ్చింది.

అరిసెలే తీసుకోండి. రాత్రంతా నానిన బియ్యాన్ని వార్చి, తడి ఆరకముందే పిండి చేయాలి. రోట్లో దంచితే ఆ తడి నిలుస్తుంది. మిక్సీలో ఆపకుండా తిప్పితే పిండి వేడెక్కి ఆరిపోతుంది. అందుకే కొద్దికొద్దిగా వేసి, ఆపి ఆపి తిప్పి, జల్లించిన పిండిని చేత్తో అదిమి మూత పెట్టాలి. బెల్లం పాకాన్ని పళ్లెంలో నీళ్ల మీద చుక్క వేసి చూడాలి. వేళ్లతో కూడదీస్తే మెత్తని ఉండ అవ్వాలి. ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతుంది. ఈ పరీక్షకు గడియారం పనికిరాదు. పొయ్యి ఏదైనా, చూడాల్సింది ఆ ఉండనే.

కాబట్టి పాత పుస్తకాన్ని భక్తితో బీరువాలో దాచకండి. వండండి. మీ సోలెడు బియ్యం ఎన్ని గ్రాములో, మీ మిక్సీని ఎంతసేపు తిప్పాలో, పాకం ఎక్కడ దించితే కుదిరిందో ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాయండి. రేపు మీ అమ్మాయి బెంగళూరులోనో డల్లాస్‌లోనో వేరు కాపురం పెట్టినప్పుడు, అచ్చులో ఉన్నదానికన్నా ఆ అంచు మీది రాతే ఆమెకు ఎక్కువ అక్కరకొస్తుంది.