చీనాబ్ వంతెన కింది బండ: గాలి మాధవీలత గారి 17 ఏళ్ళ పని



2025 జూన్ 6న చీనాబ్ వంతెన ప్రారంభమైంది. ఆ వారం మీ అందరి ఫోన్లకీ ఒకే ఫొటో వచ్చి ఉంటుంది. నది మీద అంత ఎత్తున ఇనుప కమాను, పక్కన ఒక తెలుగావిడ బొమ్మ, కింద "ఈ వంతెన కట్టిన మన ఆడబిడ్డ" అని. నాకూ వచ్చింది, నేనూ పదిమందికి పంపాను. తర్వాత ఆవిడ స్వయంగా రాసిన మాటలు చదివితే, నేను పంపినదాంట్లో సగం తప్పని అర్థమైంది. ఆ తప్పు సగం గురించి, మిగిలిన నిజం సగం గురించి ఈ పోస్టు. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి. చివర్లో మన కొండల దగ్గరికి కూడా వస్తాను.

ఆవిడ పేరు గాలి మాధవీలత. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రొఫెసర్. ప్రారంభం రోజున ఆవిడ అక్కడ లేదు, స్పెయిన్‌లో ఒక సదస్సులో ఉంది. పొగడ్తలన్నీ చూశాక లింక్డ్‌ఇన్‌లో రాసిన మాటల సారం ఇది: నన్ను అనవసరంగా గొప్పదాన్ని చెయ్యకండి, ఈ వంతెన వెనక వేలమంది ఉన్నారు, వాళ్ళలో నేనొకదాన్ని. నేను జియోటెక్నికల్ కన్సల్టెంట్‌ని. కొండవాలు జారకుండా నిలబెట్టే ప్లాను, ఆ వాలు మీద పునాదుల డిజైను, ఈ రెండింట్లో నిర్మాణ కంపెనీకి సాయపడటం నా పని.

అంటే వంతెన ఆవిడ కట్టలేదు. కమాను డిజైను జర్మనీ వాళ్ళది, మిగతా వంతెన లెక్కలు ఫిన్లాండ్ కంపెనీవి, పర్యవేక్షణ కొంకణ్ రైల్వేది, కట్టింది ఆఫ్కాన్స్. ఎత్తున వేలాడుతూ బోల్టులు బిగించిన కూలీల పేర్లు ఏ ఫార్వర్డ్‌లోనూ లేవు. మరి ఆవిడ చేసిందేమిటి? వంతెన కాళ్ళు ఆనే కొండని చూసుకోవడం. అది చిన్నపనేమీ కాదు, నిజానికి మొత్తం పనికి మూలం అక్కడే ఉంది.

ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు ఆవిడ ఊరు. వ్యవసాయ కుటుంబం. కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్, 1992లో అయిపోయింది. వరంగల్‌లో (అప్పుడది ఆర్‌ఈసీ, ఇప్పుడు ఎన్‌ఐటీ) జియోటెక్నికల్‌లో ఎం.టెక్, గోల్డ్ మెడల్. మద్రాస్ ఐఐటీలో 2000లో పీహెచ్‌డీ. కొంతకాలం గౌహతి ఐఐటీలో పాఠాలు చెప్పి, తర్వాత బెంగళూరు చేరింది. సివిల్‌లో చేరిన మన పిల్లలు ఎక్కువమంది స్ట్రక్చర్స్ వైపే చూస్తారు. బిల్డింగు కంటికి కనిపిస్తుంది, మట్టి పని కనిపించదు. కట్టడం అయిపోయాక ఆ పనంతా భూమిలో కప్పడిపోతుంది కదా. ఆవిడ ఎంచుకున్నది ఆ కనిపించని పనిని.

ఈ శాస్త్రానికి పెద్ద వయసు లేదు. కార్ల్ టెర్జాగీ అనే ఆయన 1883లో ప్రాగ్‌లో పుట్టాడు. 1916లో ఇస్తాంబుల్‌కి పాఠాలు చెప్పడానికి వెళ్ళి, అక్కడ దొరికిన సామాన్లతోనే మట్టి మీద ప్రయోగాలు చేశాడు. 1925లో ఆయన జర్మన్‌లో వేసిన పుస్తకంతోనే ఇది శాస్త్రంగా నిలబడింది. అందులో ముఖ్యమైన మాట మనకి కొత్తది కాదు. మట్టి రేణువులు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉండటం వల్లే మట్టికి పట్టు. సందుల్లో నీరు నిండి, ఆ నీటి ఒత్తిడి పెరిగిందంటే రేణువుల మధ్య ఒత్తు తగ్గుతుంది, పట్టు పోతుంది. ఎండాకాలమంతా కదలని కొండ శ్రావణంలో మూడు రోజుల ముసురుకి ఎందుకు దిగిపోతుందో ఈ ఒక్క మాట చెప్పేస్తుంది. బరువు పెరగడం ఒక్కటే కారణం కాదు, లోపల పట్టు జారింది.

ఇప్పుడు చీనాబ్ దగ్గరికి వద్దాం. ఉధంపూర్ నుంచి శ్రీనగర్ మీదుగా బారాముల్లాకి వెళ్ళే 272 కిలోమీటర్ల రైలు మార్గంలో, జమ్మూలోని రియాసీ జిల్లాలో, బక్కల్, కౌరీ అనే రెండు ఊళ్ళ మధ్య లోయ. వంతెన పొడవు 1315 మీటర్లు, కమాను ఒక్కటే 467 మీటర్లు, నది మీద ఎత్తు 359 మీటర్లు. ఆ కొండల్లో గుజ్జర్, బకర్వాల్ తెగలవాళ్ళుంటారు. ఏటా మందలతో కొండెక్కి దిగే పశుల కాపరులు. 1991 నుంచి షెడ్యూల్డ్ తెగలు, అంటే ఒక రకంగా మనోళ్ళే. పని మొదలైనప్పుడు అక్కడికి రోడ్డు లేదు. ఇంజనీర్లు గుర్రాల మీద, కంచరగాడిదల మీద వెళ్ళారు. ముందు రోడ్డేసి, ఆ తర్వాత వంతెన.

కమాను వంతెన అనగానే బరువంతా నిలువుగా కిందికి దిగుతుందనుకుంటాం. కాదు. కమాను రెండు పాదాలతో రెండు కొండల్నీ పక్కకీ కిందికీ నెడుతుంది. ఆ తోపుడికి ఎదురు నిలవాల్సింది కొండే. ఆ కొండేమో డోలమైట్ బండ, నిండా పగుళ్ళు. ఒక వరస పగుళ్ళు అడ్డంగా, మిగతావి నిలువుగా. దాన్ని ఒకే బండ అనుకోకూడదు, సున్నం లేకుండా పేర్చిన రాళ్ళ గోడ అనుకోవాలి. పైగా చాలా ఏటవాలు.

పగులు ఉండటం ఒక్కటే ప్రమాదం కాదు, అది ఎటు వాలి ఉందనేది అసలు సంగతి. ఇంటి కప్పు మీద పెంకులు ఊహించుకోండి. కింది వరసలో పెంకు తీసేస్తే పైవి జారుతాయి. పగులు కొండ లోపలికి వాలి ఉంటే ఫర్వాలేదు, లోయ వైపు వాలి ఉండి దాని కింది కొసని మనం తవ్వేస్తే పైనున్న బండకి ఆపే దిక్కుండదు. అందుకే పునాది కోసం కొండని కోసే ముందు ప్రతి పగులు వాలునీ కొలుస్తారు. కోసేది కూడా పైనుంచి కిందికి, మెట్లు మెట్లుగా. ఒక మెట్టు కోశాక అక్కడ బండకి రంధ్రాలు వేసి, ఇనుప కడ్డీలు దించి, సిమెంటు పాలు పోసి బిగిస్తారు. వీటిని రాక్ యాంకర్లు అంటారు. విడివిడి రాళ్ళని లోపలి గట్టి బండకి కుట్టేసినట్టన్నమాట. పైన కాంక్రీటు చిమ్మి మొహం మూస్తారు. ఆ మెట్టు నిలబడిందని నమ్మకం కుదిరాకే కింది మెట్టు.

ఇక్కడే మాధవీలత గారి పని నాకు బాగా నచ్చింది. మొదట చేసిన సర్వేల్లో కొండ ఒకలా కనిపించింది. తవ్వితే ఇంకోలా ఉంది. బండ అనుకున్నచోట నలిగిన రాయి, గట్టిదనుకున్నచోట లోపల బోలు. మామూలుగా ఇంజనీర్లకి డ్రాయింగ్ అంటే వేదం, ఒకసారి సంతకాలు అయ్యాక మార్చాలంటే ఎంత తలనొప్పో ఆఫీసుల్లో తిరిగినవాళ్ళకి తెలుసు. అక్కడ మాత్రం ముందు గీసినదాన్ని పట్టుకుని కూర్చోలేదు. తవ్వినప్పుడు కనిపించిన బండని చూసి, మళ్ళీ లెక్క కట్టి, యాంకర్ల పొడవు, చోటు మార్చుకుంటూ పోయారు. ఆవిడ ఈ పని మీద ఇండియన్ జియోటెక్నికల్ జర్నల్‌లో రాసిన వ్యాసానికి పేరే "డిజైన్ యాజ్ యు గో". పోతూ పోతూ డిజైను చేసుకోవడం అని. అంత పెద్ద ప్రొఫెసరు, మొదట మేం అనుకున్నట్టు కొండ లేదు అని పేరులోనే ఒప్పుకుని రాయడం నాకు గొప్పగా అనిపించింది. ఇలా దాదాపు 17 ఏళ్ళు నడిచింది.

దీనికి తోడు భూకంపం. హిమాలయం ఇంకా పెరుగుతున్న కొండ, మన భూఫలకం ఉత్తరానికి నెడుతూనే ఉంది. 1905లో కాంగ్రా భూకంపం ఇరవై వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2005 అక్టోబర్ 8న ముజఫరాబాద్ దగ్గర 7.6 తీవ్రతతో వచ్చినదాంట్లో 70 వేలకు పైగా పోయారు. ఆ ఒక్కరోజే వేల చోట్ల కొండచరియలు పడ్డాయి. ఇళ్ళు కూలి చనిపోయినవాళ్ళే కాదు, కొండ మీదపడి చనిపోయినవాళ్ళూ ఎంతోమంది. అందుకే చీనాబ్ దగ్గర లెక్కలన్నీ అతి ప్రమాదకరమైన ఐదో జోన్‌కి కట్టారు. భూకంపంలో కొండ పక్కకి ఊగుతుంది. మామూలు రోజున నిలబడే బండ ఆ ఊపుకి జారుతుందా లేదా అని కంప్యూటర్ మోడల్‌లో ఊపి చూడాలి. చీనాబ్ కొండవాలు మీదే ఆవిడ తన విద్యార్థితో కలిసి ఇలాంటి లెక్క చేసి 2010లో ప్రచురించింది. బెంగళూరు ల్యాబ్‌లో ఆవిడ బృందం ఇంకో పనీ చేసింది. మట్టి పొరల మధ్య వల లాంటి జియోసింథటిక్ షీట్లు పరిచి చిన్న గోడలు కట్టి, కృత్రిమంగా భూకంపం పుట్టించే బల్ల మీద పెట్టి ఊపి, ఏ గోడ ఎంత ఒరుగుతుందో కొలిచారు. హిమాలయానికే పనికొచ్చే విద్య కాదిది. ఘాట్ రోడ్డు పక్కన కట్టే గోడకీ ఇదే విద్య.

ఇక మన కొండలు. పాడేరు, అరకు వైపు మన కాళ్ళ కింద ఉండే బండని జియాలజీలో ఖోండలైట్ అంటారు. 1902లో వాకర్ అనే జియాలజిస్టు ఖోండ్ తెగ పేరు మీదే దానికి ఆ పేరు పెట్టాడు. మనవాళ్ళ పేరున ఒక బండ ప్రపంచంలోని జియాలజీ పుస్తకాలన్నిట్లో ఉంది, మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఈ బండ డోలమైట్ లాంటిది కాదు. ఎండకీ వానకీ త్వరగా మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. మన కొండల నెత్తిన ఉండి మనకి ఇన్ని పోరాటాలు తెచ్చిపెట్టిన బాక్సైట్ కూడా దాన్నుంచి పుట్టిందే. పైన ఎర్రమట్టి, మధ్యలో సగం కుళ్ళిన రాయి, అడుగున గట్టి బండ. వాననీరు పైనుంచి ఇంకి గట్టి బండ దగ్గర ఆగుతుంది. ఆ రెండింటి మధ్యనే జారుడు. ఊటలు పుట్టేదీ అక్కడే. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో వానాకాలం ట్రాక్ మీద చరియలు పడి రైళ్ళు ఆగిన వార్తలు మనం ఏటా చదువుతున్నవే.

మా ఊరి రోడ్డు సంగతి చెప్తాను. ఎన్ని అర్జీలు పెడితే వచ్చిందో మీలో చాలామందికి మీ ఊళ్ళ అనుభవమే చెప్తుంది. జేసీబీ వచ్చిన రోజు మా తాత అక్కడే ఉన్నాడు. "బాబూ, అక్కడ ఊట ఉంది, వేసవిలో కూడా పశువులు తాగుతాయి, ఇంకాస్త కిందనుంచి తియ్యండి" అన్నాడు. డ్రైవరు మంచోడే, "నాకు మార్కింగ్ ఇచ్చినచోట కొడతాను తాతా, నా చేతుల్లో ఏముంది" అన్నాడు. కొండ పాదాన్ని నిలువుగా కోసేశారు. రెండో వానాకాలంలో సరిగ్గా ఆ ఊట పైభాగం దిగి రోడ్డు మూసేసింది. అదే వారం నెలలు నిండిన మా వరస వదినని మళ్ళీ డోలీ కట్టి, ఆ బురద మీదుగా గెడ్డ దాటించాం. తల్లీబిడ్డా బాగున్నారు. డోలీ మొయ్యడం పోయిందని అంతకు ముందు ఏడాదే ఊరంతా పండగ చేసుకుంది.

చీనాబ్ వంతెనకి 1486 కోట్లు ఖర్చయింది. ఆ పద్ధతులన్నీ మన ఊరి రోడ్డుకి కావాలని నేనేమీ అనడం లేదు, అది అడిగితే నవ్వుతారు. కానీ ఊట ఎక్కడుందో అడగడానికి డబ్బు కాదు. పగులు ఎటు వాలిందో చూడటానికి ఒక కంపాస్, ఒక పూట చాలు. కోసిన చోటుకి పైన నీరు మళ్ళించే కాలవ, గోడ వెనక నీరు బయటికొచ్చే గొట్టాలు, ఇవి మొత్తం పనిలో చాలా చిన్న ఖర్చు. కొండ పైన నెలవంకలా నెర్రె కనిపించినా, నిటారుగా ఉన్న చెట్లు ఒకవైపు వాలినా, తేటగా వచ్చే ఊట బురదగా మారినా అది కదులుతున్నట్టే లెక్క. అలాంటి చోట వానరాత్రి పడుకోకండి. ఇవన్నీ మన పెద్దవాళ్ళకి తెలుసు. వాళ్ళకి తెలిసింది డ్రాయింగులోకి ఎక్కడం లేదు, ఎక్కించేవాళ్ళు మనలోంచి లేరు. సివిల్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ గేట్ రాసి జియోటెక్నికల్ పెట్టుకుంటే మట్టి పని అని చిన్నచూపు చూసేవాళ్ళుంటారు, పట్టించుకోకండి. ప్రారంభం తర్వాత, మా కూతురు మీలా కావాలని ఎంతోమంది తండ్రులు రాశారని ఆవిడే చెప్పింది.

మా రోడ్డు పక్కన ఇప్పుడు గోడ కట్టారు. నీళ్ళు పోవడానికి మూడు గొట్టాలు పెట్టారు. మొన్న దసరాకి వెళ్ళినప్పుడు చూస్తే ఒకటే కారుతోంది. మిగతా నీళ్ళు ఎటు పోతున్నాయి తాతా అని అడిగాను. నన్ను గోడకి ఎడమ పక్కన ఓ పది అడుగులు పైకి తీసుకెళ్ళి, గడ్డి పక్కకి జరిపి చూపించాడు. నేల తడిగా ఉంది. ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకున్నాను.