మదనపల్లె మిషను బంగళా: పరదేశంలో ఒక కుటుంబం, తెలుగులో దాని జీవితం

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసి వచ్చినప్పుడు, హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగువారికి సమీపంలో జరిగినదై కూడ, మనం అంతగా తలచుకోని ఒక విషయాన్ని ఎంచుకొన్నాను. అది పరదేశం నుండి వచ్చి మన పొరుగున స్థిరపడిన క్రైస్తవ మిషనరీ కుటుంబాల జీవితం. వారి మతప్రచారాన్ని గురించి మెచ్చుకొన్నవారు, విమర్శించినవారు ఎందరో వ్రాశారు. వారి ఇంటి జీవితాన్ని గురించి, ఆ ఇంట వినిపించిన మన భాషను గురించి వ్రాసినవారు తక్కువ. ఆంధ్రదేశానికి వెలుపల తెలుగులో పిల్లలకు చదువు చెప్పుకొంటున్న మనకు ఆ రెండవ విషయమే ముఖ్యం.

కృష్ణగిరి నుండి ఉత్తర దిశగా పయనిస్తే కుప్పం, పలమనేరు, పుంగనూరుల మీదుగా మదనపల్లె చేరవచ్చు. నేడు నడుమ రాష్ట్రాల సరిహద్దు ఉన్నది గాని, పూర్వం ఇదంతా ఒకే మద్రాసు రాజధానిలోని భాగం. 1792 శ్రీరంగపట్టణం సంధి వలన కృష్ణగిరితో కూడిన బారామహల్ ప్రాంతం, 1799లో టిప్పు సుల్తాను పతనానంతరం హోసూరు ప్రాంతం కంపెనీ వారి పాలనలోకి వచ్చి, సేలం జిల్లాలో చేరినవి. మదనపల్లె కడప జిల్లాలోను, పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను ఉండేవి. తెలుగు, తమిళం, కన్నడం కలసి మెలసి వినిపించే ఈ మెట్ట ప్రాంతంలో ఏ భాషలో మాట్లాడితే ఎవరికి మనసు తాకుతుందో బయటినుండి వచ్చినవాడు తెలుసుకోక తప్పేది కాదు.

ఆర్కాటు మిషను ఆవిర్భావం

సేలం పట్టణంలో లండను మిషనరీ సంఘం 1827లో పని ప్రారంభించింది. ఆ తరువాత మన ప్రాంతానికి ఉత్తర, తూర్పు దిక్కులలో విస్తరించినది ఆర్కాటు మిషను. దాని మూలపురుషుడు న్యూయార్కు వైద్యుడు డాక్టర్ జాన్ స్కడర్. ఆయన 1819లో భార్య హారియెట్‌తో సింహళానికి బయలుదేరి, 1836లో మద్రాసు చేరారు. వారి ఏడుగురు కుమారులు మిషనరీలయ్యారు. ఆ సోదరులు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించగా, 1857లో అది అమెరికా సంస్కృత సంఘం, అనగా రిఫార్మ్డ్ చర్చి, అధీనంలోకి వచ్చింది. ఆ మిషను ప్రధానంగా తమిళ ప్రాంతంలో పనిచేసింది. దాని తెలుగు శాఖకు కేంద్రం మదనపల్లె. ఆ కేంద్రాన్ని నెలకొల్పినవారే డాక్టర్ జేకబ్ చేంబర్లెయిన్.

చేంబర్లెయిన్ 1835లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో జన్మించారు. వేదాంత విద్యతోపాటు వైద్యవిద్యను కూడ అభ్యసించారు. 1859 సెప్టెంబరులో చార్లొట్ క్లోస్ బర్జ్ అనే యువతిని వివాహమాడి, ఆ సంవత్సరాంతంలోనే ఆమెతో తెరచాప ఓడ ఎక్కారు. సూయెజ్ కాలువ 1869లో గాని తెరువబడలేదు. కనుక ఆఫ్రికా ఖండాన్ని చుట్టివచ్చి 1860 ఏప్రిల్ నాటికి మద్రాసు రేవు చేరారు. క్రొత్త కాపురం సముద్రం మీదనే ప్రారంభమైనదన్న మాట. మొదట పలమనేరులో ఉండి, 1863లో మదనపల్లెకు మారారు.

బంగళాలో దినచర్య

మిషను బంగళా అనగానే ఎత్తయిన వసారా, పంకా, సేవకులు మన మనసులో మెదులుతారు. అవి ఉండేవి. అయితే ఆ ఇంటి దినచర్య విశ్రాంతికి అనువైనది కాదు. క్రొత్తగా వచ్చిన దొర, దొరసాని ఇరువురికీ మొదటి బాధ్యత భాష నేర్చుకోవడం. మునిషీ ఎదుట కూర్చొని అక్షరాలు దిద్దవలసిందే. సి.పి. బ్రౌను నిఘంటువులు అప్పటికే వెలువడి ఉన్నందున ఆ తరానికి కొంత సౌకర్యం కలిగింది. అయినా నిఘంటువు మాటను ఇస్తుంది గాని, పలుకుబడిని ఈయదు. పలుకుబడి సంతలో, బావి వద్ద, వంటయింటి గుమ్మంలో నేర్చుకోవలసినదే.

వైద్యుడైన మిషనరీ ఇంటిముందు తెల్లవారేసరికి రోగులు చేరేవారు. చేంబర్లెయిన్ పలమనేరు, మదనపల్లెలలో వైద్యాలయాలను నెలకొల్పారు. జ్వరాలు, కలరా, కంటిజబ్బులు, పుండ్లు, పాముకాట్లు ఆనాటి వైద్యశాలకు నిత్యం వచ్చే బాధలు. మందిచ్చే ముందు కొంత వాక్యం చదవడం, ప్రార్థన చేయడం వారి పద్ధతి. చలికాలంలో గుడారాలు, ఎడ్లబండ్లతో గ్రామాలకు పర్యటన. ఆదివారం ఆరాధన. మిగతా దినాలలో పాఠశాలల తనిఖీ, ఉపాధ్యాయుల జీతాలు, స్వదేశంలోని సంఘానికి నివేదికలు. ఇంటికి వ్రాసిన ఉత్తరానికి జవాబు రావాలంటే నెలలు గడిచేవి. ఉత్తరంలో క్షేమమని ఉన్న బిడ్డ, ఆ ఉత్తరం చేరేనాటికి క్షేమంగా ఉన్నదో లేదో ఎవరికి తెలుసు!

ఇక్కడ స్త్రీల పనిని ప్రత్యేకంగా పేర్కొనాలి. మిషను పత్రాలలో వారి సొంత పేరు తరచుగా కనిపించదు. భర్త పేరుకు ముందు "శ్రీమతి" అని చేర్చి ముగిస్తారు. కాని బాలికలకు చదువు, కుట్టుపని నేర్పడం, పురుషులకు ప్రవేశం లేని ఇండ్లలో స్త్రీలను కలుసుకోవడం, రోగుల ఇంటి ఆడవారితో మాట్లాడటం, వసతిగృహంలోని పిల్లల భోజనం లెక్కలు చూడటం వారి చేతిమీదుగా జరిగేవి. భర్త పర్యటనలో ఉన్న నెలల్లో ఆ కేంద్రమంతా వారి బాధ్యతే.

రాళ్లు పట్టిన చేతులు

మదనపల్లెకు వచ్చిన 1863లోనే చేంబర్లెయిన్ నలుగురు భారతీయ సహచరులతో నిజాం రాజ్యం గుండా గోదావరీ తీరం వరకు సుమారు 1200 మైళ్ల దీర్ఘప్రయాణం చేశారు. ఆ అనుభవాలను ఆయన అనంతరకాలంలో తన గ్రంథాలలో వర్ణించారు. వాటిలో ఒక ఘటన మన ప్రస్తుతాంశానికి తగినది.

ఒక పట్టణంలో జనం కోపించి, వెళ్లిపొమ్మని, లేకపోతే రాళ్లతో కొట్టి చంపుతామని బెదిరించారట. రాళ్లు అప్పటికే చేతికి వచ్చినవి. అప్పుడాయన, తాను ఇంత దూరం ఎందుకు వచ్చాడో ఒక కథగా చెప్పనిమ్మని, అది విన్న తరువాత కొట్టదలిస్తే కొట్టవచ్చునని తెలుగులో వారిని వేడుకొన్నారు. వారు ఆగారు. ఆయన క్రీస్తు కథను చెప్పుకొంటూ పోయారు. కొంతసేపటికి ముందువరుసలోని కొందరి కన్నులు చెమర్చినవనీ, చేతిలోని రాళ్లు నేల రాలినవనీ ఆయన వ్రాసుకొన్నారు.

ఇది మిషనరీ తన పక్షాన చెప్పిన కథ. స్వదేశంలోని దాతలు చదువుతారని తెలిసి వ్రాసిన గ్రంథంలోనిది. కనుక కొంత వన్నె ఉండవచ్చునని చరిత్ర విద్యార్థి గ్రహించాలి. అయినా ఒక్క సంగతిని కాదనలేము. ఆ మాటలు ఆంగ్లంలో చెప్పి ఉంటే జనానికి అర్థమయ్యేవి కావు. దుబాసీ ద్వారా చెప్పించి ఉంటే వినే ఓపిక ఉండేది కాదు. వారిని ఆపినది సొంత నోటితో పలికిన తెలుగు. ఆ ప్రయాణంలో సోకిన అడవిజ్వరం మాత్రం ఆయన ఆరోగ్యాన్ని జీవితాంతం పీడించింది.

భాషకు చేసిన సేవ

తెలుగులో క్రైస్తవ గ్రంథ రచన చేంబర్లెయిన్‌తో ఆరంభం కాలేదు. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెగ్రాంజెస్‌లకు ఆనందరాయరు అనువాదంలో తోడ్పడ్డారు. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి తెలుగు కవులు కర్ణాటక సంగీత ఫణితిలో కీర్తనలు రచించి, పరదేశపు బాణీల అవసరం లేకుండ సంఘానికి సొంత గళాన్ని ప్రసాదించారు. చేంబర్లెయిన్ 1873 నుండి సుమారు రెండు దశాబ్దాలు తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షత వహించారు. తమ సంఘపు ఆరాధనక్రమాన్ని, పాటలను తెలుగులోనికి తెచ్చారు.

ఇటువంటి సవరణ ఎంత కష్టసాధ్యమో ఉపాధ్యాయులు సులువుగా ఊహించగలరు. పండితుడు మెచ్చే గ్రాంథికం పల్లెవానికి కొరుకుడు పడదు. పల్లెవాడు పలికే మాట సర్కారు జిల్లాలలో ఒకటి, రాయలసీమలో ఒకటి. ఒక్క పదం కోసం గంటల తరబడి వాదం నడిచేది. ఆ వాదంలో దొరకు ఎదుట కూర్చొని, "ఇది తెలుగు కాదు" అని చెప్పగలిగిన పండితులు, ఉపదేశకులు ఉండబట్టే ఆ పని సాగింది. వారిలో అనేకుల పేర్లు గ్రంథాల మొదటి పుటకు ఎక్కలేదు. ఈ సందర్భంలో ఆ అజ్ఞాత గురువులకు కూడ నమస్కరించడం మన ధర్మం.

కుటుంబం చెల్లించిన మూల్యం

మిషనరీ ఇంటి పిల్లలు ఆయాల ఒడిలో తెలుగో, తమిళమో ముందుగా నేర్చేవారు. కొంచెం ఎదగగానే చదువు కోసం స్వదేశానికి పంపబడేవారు. తల్లిదండ్రులు ఇక్కడ, పిల్లలు అక్కడ. ఇందుకు మన అందరికీ తెలిసిన ఉదాహరణ డాక్టర్ ఐడా స్కడర్. జాన్ స్కడర్ గారి మనుమరాలైన ఆమె 1870లో రాణిపేటలో జన్మించారు. 1876-78 నాటి ఘోర కరువులో ఆకలితో వచ్చిన పిల్లలను పసితనంలోనే చూశారు. సేలం, కడప జిల్లాలు రెండింటినీ పీడించిన ఆ కరువు మన తాతముత్తాతల కథలలో కూడ ఉన్నది. తరువాత ఆమెను అమెరికాలోని బంధువుల వద్ద విడిచి తల్లి భారతదేశానికి తిరిగి వచ్చారు. ఆ ఎడబాటు ఆమె మనసులో లోతుగా నాటుకొన్నది. తాను మిషనరీ కానని ఆమె నిశ్చయించుకొన్నారు.

అట్టి ఆమె తిండివనంలో తల్లిదండ్రులను చూడవచ్చిన కాలంలో, ఒకే రాత్రి ముగ్గురు పురుషులు తమ భార్యల ప్రసవ వేదనను తీర్చుమని వేడుకొంటూ వచ్చారు. పురుష వైద్యుడైన తండ్రి రావడం వారికి సమ్మతం కాలేదు. ఆమెకు వైద్యం రాదు. ఆ ముగ్గురు స్త్రీలు మరణించారు. ఆమె అమెరికా వెళ్లి 1899లో వైద్య పట్టా పొంది తిరిగి వచ్చి, 1902లో వేలూరులో ఆసుపత్రిని, 1918లో స్త్రీల వైద్యపాఠశాలను నెలకొల్పారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల నుండి "వేలూరికి తీసుకొని పోయినాము" అని చెప్పని కుటుంబం అరుదు. ఆ మాట వెనుక, తల్లికి దూరమైన ఒక బాలిక కన్నీరు కూడ ఉన్నదని మన పిల్లలు తెలుసుకోవాలి.

చేంబర్లెయిన్ కుమారులు విలియం, లూయీ కూడ ఈ దేశానికే తిరిగివచ్చారు. విలియం ఐజాక్ చేంబర్లెయిన్ వేలూరు ఊరీస్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి దశలో కొంతకాలం చదివినది ఆ కళాశాలలోనే. లూయీ బర్జ్ చేంబర్లెయిన్ మదనపల్లెలో తండ్రి పనిని కొనసాగించారు. తండ్రి జేకబ్ చేంబర్లెయిన్ సుమారు 48 సంవత్సరాల సేవానంతరం 1908లో కీర్తిశేషులయ్యారు.

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం కూడ ఇటువంటి కుటుంబ సేవకు నిదర్శనం. అనేక మిషనులు కలసి స్థాపించిన ఆ సంస్థ 1915లో రోగులకు తెరువబడింది. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానిని పెంచి పోషించగా, ఆయన కుమారుడు జొహాన్నెస్ అక్కడే క్షయ పరిశోధన సాగించారు. 1948లో దేశంలో బి.సి.జి. టీకా ప్రయోగం మొదలైన స్థలాలలో మదనపల్లె ఒకటి.

నిష్పాక్షికంగా చూస్తే

వీరందరినీ దేవతలుగా చిత్రించడం చరిత్ర కాదు. వారు పరపాలన నీడలో వచ్చారు. మన ఆచారాలను, దేవతారాధనను తమ గ్రంథాలలో కఠినంగా, కొన్నిచోట్ల అన్యాయంగా వర్ణించారు. మతం మారినవారి ఇండ్లలో తండ్రీ కొడుకుల నడుమ ఎడబాట్లు ఏర్పడినవి. బంగళాకు, ఉపదేశకుని పూరింటికి నడుమ అంతరం ఉండేది. మరొకవైపు, బడి గుమ్మం తొక్కనివ్వని కాలంలో అంటరానివారని పిలువబడిన వారి బిడ్డలకు పలక చేతికిచ్చినవారిలో వీరు ముందున్నారు. ఈ రెండు సత్యాలూ ఒకే పుటలో ఉండవలసినవే. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, ఆ సంఘాల బాధ్యతను క్రమక్రమంగా ఈ దేశపు బిడ్డలే చేపట్టారు.

మనకు మిగిలిన పాఠం

సముద్రాలు దాటివచ్చిన ఒక దంపతుల జంట, తాము చెప్పదలచిన మాట చెప్పడానికి తెలుగు తప్ప మార్గం లేదని నమ్మి, నడివయసు దాటినా నేర్చుకొంటూనే ఉన్నారు. ఆ నేర్పుకు ప్రతిఫలంగా వారికి లభించినది రాళ్లు రాలిన నేల. మనకు అది పుట్టుకతో లభించింది. కాని నేడు పరీక్షకు నిలిచినది మన నమ్మకం. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2016 నాటికి పదవ తరగతి పరీక్షను చేరినప్పుడు, ఇక్కడి తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రులు పడిన ఆందోళన మనమందరం ఎరిగినదే. రాష్ట్ర భాషను మన పిల్లలు చక్కగా నేర్వాలి. అందులో సందేహం లేదు. పొరుగువాని భాష నేర్వడం గౌరవం. తన భాషను విడువడం మాత్రం అందుకు చెల్లించవలసిన సుంకం కాదు. మిషను బంగళాలో పెరిగిన బిడ్డలకు ఇంటి భాష ఒకటి, ఊరి భాష మరొకటి. ఒకదాని కోసం మరొకదానిని విడువవలసిన పని వారికి కలుగలేదు.

చట్టాలు, న్యాయస్థానాలు కొంతవరకే కాపాడగలవు. ఇంట తెలుగు పుస్తకం తెరువని తల్లిదండ్రుల బిడ్డను తెలుగు బడి ఎంతకాలం తెలుగువానిగా నిలుపగలదు? డెబ్బదియైదు సంవత్సరాలు ఈ దీపాన్ని ఆరనీయక కాపాడిన ఉపాధ్యాయులకు, పూర్వ విద్యార్థులకు మనం చెల్లించగల కృతజ్ఞత సభలో కప్పే శాలువాతో తీరేది కాదు. ఈ రాత్రి ఇంటికి వెళ్లి మన పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక తెలుగు కథ చదివించడంతో అది మొదలవుతుంది. పరదేశి పట్టుదలతో నేర్చిన భాషను, సొంతవారమైన మనం అలక్ష్యంతో మరువకుందుము గాక.